రోజూ నడుముకు పెట్టుకోవడానికి .44 రివాల్వర్: ఏది నయం?

బ్రజోస్_బాబు (టెక్సస్)

అందరికీ నమస్కారం. వేకో దగ్గర హైవే పక్కన గ్యాస్ స్టేషన్, దానికి ఆనుకుని దుకాణం నడుపుతున్నాను. రాత్రి పదకొండుకు మూసి, నగదు సంచితో కారు దాకా ఒంటరిగా నడవాలి. పౌరసత్వం ఉంది, టెక్సస్ తుపాకి లైసెన్సు ఉంది, ఇన్నాళ్లూ 9 ఎంఎం పిస్టల్ పెట్టుకున్నాను.

ఇప్పుడు సమస్య బొటనవేలి కీళ్లు. పిస్టల్ స్లైడ్ (పైన జారే భాగం) వెనక్కి లాగాలంటే ప్రాణం పోతోంది. అందుకని రివాల్వర్‌కు మారదామనుకుంటున్నాను. ఎలాగూ మారుతున్నప్పుడు చిన్నదెందుకు, .44 గానీ .45 గానీ (తూటా కొలతలు) తీసుకుంటే ఒక్క దెబ్బతో పని అయిపోతుందని గన్ షాపు ఆయన అంటున్నాడు. నా మనసులో ఉన్నవి నాలుగు: చార్టర్ ఆర్మ్స్ బుల్‌డాగ్, రూగర్ జీపీ100 (.44 స్పెషల్‌ది), స్మిత్ అండ్ వెసన్ మోడల్ 69, టారస్ జడ్జ్. బడ్జెట్ వెయ్యి డాలర్లకు కాస్త అటూ ఇటూ. నేను సన్నగా ఉంటాను, పొట్టివాణ్ణి, వేసవిలో వదులు చొక్కా తప్ప పైన ఏమీ వేసుకోలేను. వాడినవారు చెప్పండి.

పాత_ఇనుము (హ్యూస్టన్)

బాబు గారూ, మీ జాబితా బాగానే ఉంది కానీ నాలుగూ నాలుగు జాతులు. ముందు తూటా సంగతి తేల్చుకోండి.

.44 స్పెషల్ 1907 నాటిది. పాత లెక్క ప్రకారం 246 గ్రెయిన్ల (గుండు బరువు కొలిచే చిన్న కొలత) సీసపు గుండు, సెకనుకు 750 అడుగులకు కాస్త పైన వేగం. పాత .38 స్పెషల్ వేగం కూడా దాదాపు అంతే, దాని గుండు మాత్రం 158 గ్రెయిన్లు. అంటే వేగం తక్కువ, బరువు ఎక్కువ. గట్టిగా కాకుండా నెట్టినట్టు తన్నుతుంది. అంతకంటే బలమైన .44 మాగ్నం 1950ల మధ్యలో వచ్చింది. గొట్టం కొలత అదే, కానీ తూటా ఒక అంగుళంలో ఎనిమిదో వంతు పొడవు పెంచారు, పాత స్పెషల్ తుపాకుల్లో పొరపాటున దూరకుండా. కాబట్టి మాగ్నం రివాల్వర్‌లో స్పెషల్ కాల్చవచ్చు, స్పెషల్ రివాల్వర్‌లో మాగ్నం పట్టదు.

ఇక తుపాకులు. బుల్‌డాగ్ 1973 నుంచి ఉంది, ఐదు తూటాలు, బరువు 20 ఔన్సుల దగ్గర, అంటే అర కిలో పైచిలుకు. జీపీ100 మూడంగుళాల గొట్టం, ఐదు తూటాలు, 36 ఔన్సులు, అంటే కిలో. మోడల్ 69 పొట్టి గొట్టంది 34 ఔన్సుల పైన, ఐదు తూటాలు, మాగ్నం కూడా తింటుంది. మొదటిదాన్ని మోయడం తేలిక, కాల్చడం కష్టం. మిగతా రెండూ అందుకు తిరగేసి. మీ బొటనవేలు ఏది ఒప్పుకుంటుందో అదే మీ తుపాకి, షాపు ఆయన ఒప్పుకునేది కాదు.

రాత్రి_డ్యూటీ (డాలస్)

ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. "ఒక్క దెబ్బతో పని అయిపోతుంది" అనే మాట వింటే ఒళ్లు మండుతుంది, క్షమించాలి.

.38 లేదా .357 గుండు వ్యాసం దాదాపు 9.1 మిల్లీమీటర్లు. .44 గుండుది 10.9. తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. పిస్టల్ గుండు, అది ఏ కొలతైనా, తాకిన చోటే పనిచేస్తుంది. మెదడు, వెన్నుపాము, గుండె, పెద్ద రక్తనాళం, వీటిని తాకకపోతే మనిషి నడుచుకుంటూ మా దగ్గరికి వస్తాడు, మాట్లాడతాడు, ఫోను అడుగుతాడు. ఒక్కోసారి ఎన్ని తగిలాయో కూడా అతనికే తెలియదు.

1986 ఏప్రిల్‌లో మయామీలో జరిగిన కాల్పుల తర్వాత ఎఫ్‌బీఐ ఈ విషయం మీద గట్టిగా కూర్చుంది. అక్కడ ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. అప్పటి నుంచి వాళ్ల కొలబద్ద కండకు బదులు వాడే జెలటిన్ దిమ్మలో 12 నుంచి 18 అంగుళాల లోతు దిగాలి అని. 10 ఎంఎం, .40 అంటూ తిరిగి తిరిగి చివరకు 9 ఎంఎం దగ్గరికే వచ్చారు. కారణం సులువు: ఎక్కువమంది దానితోనే గురి తప్పకుండా కొడుతున్నారు.

కీళ్ల నొప్పి ఉన్న మనిషి పెద్ద తుపాకి ఎందుకు వెతుకుతున్నాడో నాకు అర్థం కాలేదు.

బ్రజోస్_బాబు

మేడమ్, కోపం వద్దు. స్లైడ్ లాగడం వేరు, తన్ను తట్టుకోవడం వేరు. లాగేటప్పుడు బొటనవేలూ చూపుడువేలూ గిల్లినట్టు పట్టుకోవాలి, నొప్పి అక్కడే. అరచేతిలోకి వచ్చే దెబ్బ నాకు అంత బాధ కాదనిపిస్తోంది. అయినా రేంజ్‌లో అద్దెకు తీసుకుని చూస్తాను.

జడ్జ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. అందులో .45 కోల్ట్ తూటా, .410 షాట్‌గన్ తూటా రెండూ పడతాయట. షాట్‌గన్ అయితే గురి అవసరం లేదని విన్నాను.

సీమ_శ్రీను (శాన్ ఆంటోనియో)

జడ్జ్ నా దగ్గర ఉంది. పొలం వెళ్లేటప్పుడు తప్పనిసరి. తాచుపాములు లేవు గానీ ఇక్కడ రాటిల్‌స్నేక్‌లు బోలెడు. చిన్న రవ్వల తూటా పెట్టి కాళ్ల దగ్గరున్న పామును కొడితే రెండో మాట ఉండదు. మనుషుల మీద కూడా పనిచేస్తుందనే నా నమ్మకం. తుపాకి ముఖం చూస్తేనే దొంగ పారిపోతాడు.

పాత_ఇనుము

శ్రీను గారూ, పాముల వరకు మీ మాట కాదనను. మనుషుల దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. పొట్టి గొట్టంలోంచి, అందులోనూ లోపల మెలికల గాడులు చెక్కిన గొట్టంలోంచి షాట్‌గన్ రవ్వలు వస్తే గిరగిరా తిరిగి త్వరగా చెదిరిపోతాయి. చిన్న రవ్వలు లోతుకు దిగవు. పెద్ద రవ్వల తూటా అయితే లోపల ఉండేవి నాలుగైదు. అందులో ఒకటి పక్కకు పోయి కారు అద్దం పగలగొట్టినా, ఆ కారులో ఎవరైనా ఉన్నా, దానికి సమాధానం బాబు గారే చెప్పాలి. గురి అవసరం లేని తుపాకి ఇంకా పుట్టలేదు.

జడ్జ్ పెట్టుకుంటే .45 కోల్ట్ తూటాలే వేసుకోవాలి. అదే చేస్తే అంత పొడుగు సిలిండర్‌ను (తూటాలు పట్టే, తిరిగే గుండ్రటి భాగాన్ని) నడుముకు ఎందుకు మోయాలి?

అన్నట్టు .45 మీద మనసుంటే .45 ఏసీపీ రివాల్వర్లు కూడా ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పిస్టళ్లు చాలక, పిస్టల్ తూటాలనే రివాల్వర్‌లో వాడటానికి అర్ధచంద్రాకారపు రేకు క్లిప్పులు తయారు చేశారు, 1917 మోడల్ అంటే అదే. ఇప్పుడు పూర్తి గుండ్రటి క్లిప్పులు వస్తున్నాయి. తిరిగి నింపడంలో వీటికి సాటి లేదు, ఆరూ ఒకేసారి పడతాయి. కానీ ఆ రేకు జేబులో కాస్త వంగిందంటే సిలిండర్ తిరగదు. ఇవి చాలా వరకు ఎన్ ఫ్రేమ్ అనే పెద్ద చట్రపు తుపాకులు, సిలిండర్ మందం 1.7 అంగుళాలు. సన్నటి మనిషి చొక్కా కింద అది దాగదు.

మోంటానా_మూర్తి (బోజ్‌మన్)

నేను .44 మాగ్నం మోస్తాను, కానీ ఊళ్లో కాదు. కొండల్లో నడిచేటప్పుడు ఛాతీ మీద హోల్స్టర్‌లో (తుపాకి ఒరలో). ఇక్కడ గ్రిజ్లీలు ఉన్నాయి. అయినా మొదట చేతికి అందేది ఎలుగుబంటి స్ప్రే, తుపాకి రెండోది. నేషనల్ పార్కుల్లో 2010 నుంచి రాష్ట్ర చట్టం ప్రకారం తుపాకి ఉంచుకోవచ్చు, కాల్చడం మాత్రం వేరే కథ, వెళ్లే ముందు చదువుకోండి.

బాబు గారికి చెప్పదలచుకున్నది ఒకటే. 25 ఔన్సుల స్కాండియం (తేలికపాటి మిశ్రలోహం) .44 మాగ్నం రివాల్వర్లు దొరుకుతాయి. మోయడానికి హాయి, కాల్చడానికి శిక్ష. నొప్పి ఒక్కటే కాదు సమస్య. తేలిక తుపాకి అంత గట్టిగా వెనక్కి కదిలితే, ఇంకా కాల్చని తూటాల్లోని గుండ్లు జడత్వంతో తొడుగులోంచి ముందుకు జారతాయి. ఒకటి సిలిండర్ ముందుకు పొడుచుకు వచ్చిందా, సిలిండర్ అక్కడే ఆగిపోతుంది. ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే విప్పుకునే జబ్బు కాదది. మీరు కొనేది తేలికదైతే, వాడబోయే తూటాలు నాలుగు కాల్చి ఐదోదాని పొడవు కొలవండి. పెరిగితే ఆ తూటా వద్దు.

ఊళ్లో నా నడుముకు ఉండేది .38. సిగ్గేమీ లేదు.

ఎఫ్1_రాజు (డెంటన్)

నమస్కారం అన్నలూ. నేను మాస్టర్స్ చదువుతున్నాను. సంబంధం లేని ప్రశ్న అనుకోకండి. తెలిసినవాళ్ల గ్యాస్ స్టేషన్‌లో సాయంత్రాలు ఉంటాను. కౌంటర్ కింద ఓనర్ అంకుల్ రివాల్వర్ ఉంది. అవసరమైతే వాడుకో అన్నారు. టెక్సస్‌లో ఇప్పుడు లైసెన్సు కూడా అక్కర్లేదు కదా, పర్వాలేదా?

న్యాయవాదిని_కాను (ఆస్టిన్)

రాజు తమ్ముడూ, దాన్ని ముట్టుకోవద్దు. ఈరోజే అంకుల్‌కు చెప్పు.

టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండినవారు లైసెన్సు లేకుండా హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు, నిజమే. కానీ ఆ వెసులుబాటు చట్టప్రకారం తుపాకి కలిగి ఉండగలిగినవారికే. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసాల మీద ఉన్నవారు తుపాకి గానీ తూటా గానీ కలిగి ఉండటమే నేరం. ఎఫ్1, హెచ్1బీ, హెచ్4, సందర్శక వీసా, అన్నీ ఇందులోకే వస్తాయి. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, ఎక్కువగా వినిపించేది చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. అది లేకుండా పట్టుబడితే శిక్ష పదిహేనేళ్ల దాకా. తర్వాత వీసా సంగతి నేను చెప్పనక్కర్లేదు. నీ స్థితి తెలిసీ నీ చేతికి ఇచ్చిన అంకుల్ మీద కూడా కేసు ఉంటుంది.

గ్రీన్ కార్డు ఉన్నవారు వేరు, వారు కొనవచ్చు, ఉంచుకోవచ్చు.

ఇంకొకటి, అందరూ వినండి. కొత్తగా దిగిన పిల్లలు వారాంతంలో రేంజ్‌కు వెళ్లి అద్దె తుపాకులతో ఫోటోలు దిగి ఊళ్లో వాళ్లకు పంపుతున్నారు. రేంజ్‌లో అద్దెకు పట్టుకోవడమూ కలిగి ఉండటం కిందికే వస్తుంది. ఆ ఫోటో నీకు నువ్వే రాసిచ్చిన సాక్ష్యం. ఇక స్టేషన్‌లో "సాయంత్రాలు ఉండటం" గురించి నేనేమీ అడగను, నువ్వూ ఇక్కడ రాయకు.

ఎఫ్1_రాజు

రేంజ్ ఫోటో సంగతి తెలియదు అన్నా. తీసేస్తున్నాను. కౌంటర్ సంగతి ఇప్పుడే ఫోను చేసి చెబుతాను. చాలా కృతజ్ఞతలు.

న్యాయవాదిని_కాను

బాబు గారూ, మీ సంగతికి వస్తే, లైసెన్సు అక్కర్లేదు కదా అని దాన్ని మురగనివ్వకండి. బడికి వెయ్యి అడుగుల లోపు తుపాకి ఉండకూడదనే ఫెడరల్ చట్టం ఉంది. రాష్ట్రం లైసెన్సు ఇచ్చినవారికి అందులో మినహాయింపు, లైసెన్సు లేనివారికి లేదు. మీ ఇంటికీ దుకాణానికీ మధ్య బడి ఉండకుండా ఉంటుందా? పక్క రాష్ట్రాలకు వెళ్లేటప్పుడూ లైసెన్సే అక్కరకొస్తుంది. న్యూజెర్సీ లాంటి చోటైతే బోలు ముక్కు (తాకగానే విచ్చుకునే) గుండ్ల మీద కూడా ఆంక్షలున్నాయి, చుట్టాలింటికి వెళ్లేటప్పుడు తుపాకి ఇంట్లోనే పెట్టి వెళ్లడం మంచిది.

తలుపు మీద 30.06 (టెక్సస్ చట్టంలోని సెక్షన్) బోర్డు ఉంటే లైసెన్సు ఉన్నా దాచుకుని లోపలికి వెళ్లకూడదు. ఎర్రగా 51 అని కనబడితే అది బార్, అసలే వద్దు.

గోదావరి_గట్టు (ఇర్వింగ్)

చదువుతూ వచ్చాను, ఉండబట్టలేక రాస్తున్నాను. అన్నగారూ, ఆ సంచి ఎందుకు మోస్తున్నారు? నేనూ పన్నెండేళ్లకు పైగా దుకాణం నడిపినవాణ్ణే. టైమ్ లాక్ ఉన్న డ్రాప్ సేఫ్ (డబ్బు వేయగలం గానీ వెంటనే తీయలేని పెట్టె) పెట్టించండి, గల్లాలో చిల్లర మాత్రమే ఉంచండి, తలుపు మీద ఆ మాట పెద్ద అక్షరాలతో రాయండి. డబ్బు పట్టుకెళ్లడానికి పగటిపూట వచ్చే సేవలు ఉన్నాయి. పార్కింగ్‌లో దీపాలు పెంచండి. దొంగ అడిగితే ఇచ్చెయ్యండి, పోయిన డబ్బు బీమా ఇస్తుంది.

తుపాకి ఉన్నవాడు సంచి ఇవ్వడానికి ఒక క్షణం ఆలోచిస్తాడు. ఆ క్షణమే ప్రమాదం. మన తెలుగు పిల్లలు ఎందరు కౌంటర్ల దగ్గర పోయారో అందరికీ తెలుసు. వాళ్లకు తుపాకి లేకనే పోయారంటే నేను ఒప్పుకోను, అకస్మాత్తుగా ఎదురుగా గొట్టం పెట్టినవాడి ముందు నడుములోది తీయడానికి సమయం ఎక్కడిది?

బ్రజోస్_బాబు

తమ్ముడూ, సేఫ్ ఉంది. సంచి మానేస్తాను, అది మంచి మాటే, పగటి సేవ గురించి ఈ వారం కనుక్కుంటాను. కానీ దొంగకు నా దగ్గర సంచి లేదని ఎలా తెలుస్తుంది? మా పక్క స్టేషన్‌లో డబ్బు ఇచ్చేశాక కూడా కాల్చారు. ఇచ్చేస్తే వదిలేస్తాడనేది వాడి దయ. వాడి దయ మీద బతకడం నాకిష్టం లేదు. మీరు మోయకండి, మీ నిర్ణయం నేను గౌరవిస్తాను. నా ప్రశ్న ఏ తుపాకి అని, తుపాకి ఎందుకు అని కాదు.

రాత్రి_డ్యూటీ

గట్టు గారి మాటకు నేను ఒకటి కలుపుతాను, ఆ తర్వాత ఈ విషయం మీద రాయను. ఈ దేశంలో తుపాకి మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. ఇంట్లో వయసు పిల్లలున్నా, ఎవరైనా దిగులుగా ఉన్నా, నడుము నుంచి తీసిన తుపాకి నేరుగా తాళం పెట్టెలోకి వెళ్లాలి. బీరువా పైన, దిండు కింద కాదు. టెక్సస్‌లో పదిహేడేళ్ల లోపు పిల్లలకు అందేలా నింపిన తుపాకి వదిలేస్తే అది నేరం కూడా. రివాల్వర్‌కు విడిగా సేఫ్టీ మీట ఉండదు, నొక్కితే పేలుతుంది, అంతే.

శారద_హిల్‌కంట్రీ (కెర్‌విల్)

బాబు అన్నయ్యా, నాకూ కీళ్లవాతం. మా ఆయన తేలికపాటి రివాల్వర్ కొనిచ్చారు, తేలిక కదా ఆడవాళ్లకు బాగుంటుందని. మూడు తూటాలు కాల్చి పెట్టెలో పెట్టేశాను. తర్వాత నాకు నేనే స్టీలుది, .357, ఐదు తూటాలది తీసుకుని (అందులో .38 కూడా పడుతుంది) .38 వాడ్‌కట్టర్లు వేసుకున్నాను. 148 గ్రెయిన్ల బల్లపరుపు ముక్కు గుండు, మెత్తగా తన్నుతుంది, నేరుగా దిగుతుంది. వారం వారం కాలుస్తున్నాను.

మీరు రికాయిల్ (తన్ను) గురించే ఆలోచిస్తున్నారు, ట్రిగ్గర్ గురించి ఎవరూ చెప్పలేదు. రివాల్వర్‌ను డబుల్ యాక్షన్‌లో, అంటే ట్రిగ్గర్ ఒక్కటే నొక్కి కాల్చాలి, హ్యామర్ (వెనుక ఉండే సుత్తి) వెనక్కి లాగి కాదు. కొత్త తుపాకి ట్రిగ్గర్ పది పన్నెండు పౌన్ల బరువు లాగాలి. బొటనవేలు బాగుపడింది అనుకునే లోపు చూపుడువేలు మొదలవుతుంది! షాపులో సిలిండర్ ఖాళీగా ఉందని మీ కళ్లతో చూసుకుని, అనుమతి అడిగి, వరుసగా ఇరవై సార్లు నొక్కి చూడండి. చివరి ఐదు కూడా గురి చెదరకుండా వస్తే అప్పుడు ధర అడగండి.

పిడి రబ్బరుదైతే చేతికి మెత్తగా ఉంటుంది గానీ చొక్కాను పట్టుకుని పైకి లాగుతుంది, వంగినప్పుడల్లా తుపాకి బయటపడుతుంది. నేను చెక్క పిడి వేయించుకున్నాను.

పాత_ఇనుము

శారదమ్మ చెప్పింది బంగారం. ఇంట్లో పేలని ఉత్తుత్తి తూటాలు పెట్టి రోజూ పది నిమిషాలు ట్రిగ్గర్ నొక్కడం అలవాటు చేసుకోండి. అసలు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు.

ఖర్చు మాట కూడా చెప్పుకోవాలి. .44 స్పెషల్ తూటా 9 ఎంఎం కంటే చాలా ఎక్కువ ధర, పైగా అన్ని షాపుల్లో ఉండదు. ఖరీదైన తూటా ఉన్నవాడు తక్కువ సాధన చేస్తాడు, ఇది నేను రేంజ్‌లో ప్రతి శనివారం చూస్తున్న సత్యం.

మాగ్నం సంగతి అసలే వద్దు. పొట్టి గొట్టంలోంచి మాగ్నం పేలితే 160 డెసిబెళ్ల చప్పుడు, రాత్రిపూట కళ్లు మిరుమిట్లు గొలిపే మంట. చెవికి రక్షణ లేకుండా కారు పక్కన ఒక్కసారి కాలిస్తే ఆ చెవి తిరిగి మునుపటిలా ఉండకపోవచ్చు. మోడల్ 69 కొన్నా స్పెషల్ తూటాలే వేయాలి. అలాంటప్పుడు మాగ్నం కోసం డబ్బు ఎందుకు పెట్టాలి?

హైదరాబాద్_హరి (హైదరాబాద్)

ఇక్కడ .44 తీసుకోవడానికి కుదురుతుందా? ఊరికే ఆసక్తితో అడుగుతున్నాను.

పాత_ఇనుము

హరి గారూ, ఆశ వదులుకోండి. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు రావడమే ఒక యజ్ఞం, వచ్చినా మామూలుగా కొనగలిగేది .32. మన ప్రభుత్వ కర్మాగారాలు చేసే రివాల్వర్లు ఎక్కువగా అవే, 2014లో మహిళల కోసమంటూ వచ్చిన నిర్భీక్ కూడా .32యే. ఈ చర్చ అంతా అమెరికా చట్టం కింద అని గుర్తుంచుకోండి.

బ్రజోస్_బాబు

రేంజ్‌కు వెళ్లి వచ్చాను. అద్దెకు బుల్‌డాగ్, జీపీ100 .44, ఇంకా శారదమ్మ మాట విని మూడంగుళాల .357 ఒకటి (.38 తూటాలతో) తీసుకున్నాను.

బుల్‌డాగ్ మొదటి ఐదు బాగానే పోయాయి. రెండో ఐదుకు పిడి అరచేతిలో తిరిగి, బొటనవేలి మొదట్లో సరిగ్గా నొప్పి ఉన్న చోటే గుద్దింది. మూడోసారి నింపలేదు. జీపీ100 మాత్రం ఆశ్చర్యపరిచింది. ఆ కిలో బరువే దెబ్బ మింగేసింది. గొట్టం కొసన గురి చూసే ఆకుపచ్చ చుక్క నా కళ్లకు బాగా ఆనింది. ఏడు గజాల్లో గుండ్లన్నీ అరచేతంత జాగాలో పడ్డాయి. .38తో ఇంకా చిన్న జాగా, ఇంకా త్వరగా. ఇది దాచను.

అయినా జీపీ100 వైపే మొగ్గుతున్నాను. .38తో కొట్టేంత వేగం రాకపోయినా, కొట్టిన ప్రతిదీ బరువైనదే. రాత్రి డ్యూటీ మేడమ్ మళ్లీ కోప్పడతారని తెలుసు.

రాత్రి_డ్యూటీ

కోపం లేదు. మీరు కాల్చి చూసి ఎంచుకున్నారు, నా వాదన అదే. కానీ "ఇంకా చిన్న జాగా, ఇంకా త్వరగా" అని మీరే రాసి, ఆ తర్వాతి వాక్యంలో రెండోదాన్ని ఎంచుకున్నారు. నేనైతే ఆ .38ను పక్కన పెట్టేదాన్ని కాదు.

మోంటానా_మూర్తి

నేనూ మేడమ్ పక్షమే. అయితే కొనేవాడి ఇష్టం. కిలో తుపాకి పద్నాలుగు గంటలు నిలబడే పనిలో నడుముకు ఉంటుందా అన్నదే అసలు పరీక్ష. వారం తర్వాత అది కారు డ్యాష్‌బోర్డు అరలోకి చేరితే .44 అయినా .22 అయినా ఒకటే. కార్లలోంచి దొంగతనంగా పోయే తుపాకులు ఎన్నో.

బ్రజోస్_బాబు

అది నేనూ ఆలోచించాను మూర్తి గారూ. పగలంతా కౌంటర్ వెనుకే ఉంటాను, కూర్చోవడానికి స్టూలు ఉంది. ఇక హోల్స్టర్ చెప్పండి. ప్యాంటు లోపలిదా, బయటిదా? మామూలు బెల్టు సరిపోతుందా?

పాత_ఇనుము

మామూలు బెల్టు మీద కిలో వేలాడదీస్తే సాయంత్రానికి ప్యాంటు మోకాళ్ల దగ్గర ఉంటుంది. రెండు పొరల తోలుతో కుట్టినది, ఒకటిన్నర అంగుళం వెడల్పుది కొనండి. తుపాకి కొన్న రోజే కొనండి, తర్వాత అనుకుంటే తర్వాత కొనరు.

ఈ సిలిండర్‌కు ప్యాంటు లోపలిది మీకు ఇరుకు. బయటిదే, కానీ ఒంటికి అతుక్కుని ఉండే పాన్‌కేక్ తోలు హోల్స్టర్, తుంటి ఎముకకు కాస్త వెనుక, పిడి ముందుకు వాలేలా. చొక్కా ఒక సైజు పెద్దది, గళ్లదో పూలదో అయితే ఉబ్బు కనబడదు. ట్రిగ్గర్ పూర్తిగా కప్పి ఉండాలి, మిగతావన్నీ మీ సౌకర్యం. తిరిగి పెట్టేటప్పుడు చొక్కా కొస ట్రిగ్గర్ దగ్గర ఇరుక్కోలేదని చూసుకుని, హ్యామర్ మీద బొటనవేలు ఆనించి నెమ్మదిగా దించండి. హ్యామర్ కదులుతుంటే మీకు వెంటనే తెలుస్తుంది.

కాల్చేటప్పుడు ఇంకొకటి మరిచిపోవద్దు. పిస్టల్ అలవాటుతో ఎడమ బొటనవేలు ముందుకు చాచకండి. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందులోంచి వేడి గాలి కత్తిలా వస్తుంది, వేలు అక్కడ ఉంటే చీరేస్తుంది.

అదనపు తూటాలకు గుండ్రటి స్పీడ్‌లోడర్ (తూటాలన్నీ ఒకేసారి నింపేది) జేబులో ఉబ్బుగా ఉంటుంది. రబ్బరు పట్టీ సన్నగా ఉంటుంది కానీ రెండేసి రెండేసి దించాలి. .44కు సరిపోయేది అడిగి తీసుకోండి, .357ది పట్టదు.

శారద_హిల్‌కంట్రీ

దుకాణంలో కొనబోయే తూటాలు కనీసం రెండు పెట్టెలు మీ తుపాకిలోనే కాల్చి చూడండి అన్నయ్యా. 165 నుంచి 200 గ్రెయిన్ల మధ్య రక్షణ తూటాలు దొరుకుతాయి. పాత సీసపు 246లకూ వాటికీ గుండు పడే ఎత్తు తేడా వస్తుంది. సాధన ఒకదానితో, మోయడం ఇంకొకదానితో అయితే ఆ తేడా మీకు ముందే తెలియాలి.

సీమ_శ్రీను

అంతా అయింది, జడ్జ్‌ను మాత్రం ఎవరూ ఆదరించలేదు. పొలానికి రండి బాబు గారూ, పాము కనబడినప్పుడు అడుగుతాను మీ జీపీ100 ఏం చేస్తుందో.

బ్రజోస్_బాబు

వస్తాను శ్రీను గారూ, బూట్లు వేసుకుని. సోమవారం షాపుకు ఫోను చేశాను, తెప్పిస్తానన్నాడు. పగటిపూట డబ్బు తీసుకెళ్లేవాళ్లు బుధవారం వచ్చి దుకాణం చూస్తారు. బెల్టు ఇప్పుడే ఆర్డరు పెట్టాను.